ముందు కాలు తీసేశారు, నిన్న ఇంటికి తెచ్చాం. ఈ రాత్రులు ఎలా గడపాలి?

బ్రూనో వాళ్లమ్మ (ఖమ్మం) – జూన్ 4, తెల్లవారుజామున 3:20

అందరికీ నమస్కారం. వాడి పక్కనే నేల మీద కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

మా బ్రూనో లాబ్రడార్. ఎనిమిదేళ్లు, 38 కిలోలు. ఉగాది తర్వాత కుడి ముందు కాలు కుంటుతుంటే మేడ మెట్ల మీద బెణికిందేమో అనుకున్నాం. మాత్రలు వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మణికట్టు పైన గట్టిగా వాపు కనబడ్డాక ఎక్స్‌రే తీయిస్తే ఎముక క్యాన్సర్ అన్నారు. ఊపిరితిత్తుల ఎక్స్‌రేలో ఏమీ లేదు. రక్తపరీక్షలన్నీ చూసి, సోమవారం హైదరాబాదులో భుజంతో సహా కాలు తీసేశారు. నిన్న సాయంత్రం కారులో ఇంటికి తెచ్చాం.

వచ్చినప్పటి నుంచి మూలుగుతూనే ఉన్నాడు. నాలుక బయటపెట్టి ఒగరుస్తున్నాడు. ఒకసారి లేవబోయి గ్రానైట్ మీద జారి గడ్డం నేలకు కొట్టుకున్నాడు. అప్పటి నుంచి కదలడం లేదు. నిన్న సాయంత్రం ఆరు నుంచి మూత్రం పోయలేదు. నోరులేని జీవిని ఎందుకు ఇంత హింస పెట్టారని మా అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. నాకు జవాబు తెలియడం లేదు.

డాక్టరు ఇచ్చిన మందు రాత్రి తొమ్మిదికి వేశాను. ఇంట్లో మా ఆయన నడుము నొప్పి మాత్రలు ఉన్నాయి. అందులో సగం వేయవచ్చా?

మూడడుగులు (రాజమహేంద్రవరం) – ఉదయం 4:55

మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు. వద్దు. మనుషుల నొప్పి మాత్ర ఏదీ వేయకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, పారాసెటమాల్, ఏదైనా సరే.

2016లో మా స్నూపీ నడుము పట్టేసిందని నేను డైక్లోఫెనాక్ సగం మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టాను. ఆ మర్నాడు ఇంకో సగం. మూడో రోజుకు తారులాంటి నల్లటి విరేచనం. ఆరో రోజుకు స్నూపీ లేదు. నా చేత్తో పెట్టిన ముద్ద అది. అందుకే ఈ వేళప్పుడు లేచి రాస్తున్నాను.

ఇప్పుడు మూత్రం సంగతి. వాడికి వస్తూనే ఉండి ఉంటుంది, లేవడానికి భయపడుతున్నాడు. పాత స్నానం తువ్వాలు పొడవుగా మడిచి, మిగిలిన ముందు కాలికి వెనక నుంచి రొమ్ము కింద దూర్చండి. రెండు కొసలూ వీపు మీదకు తెచ్చి ఒక చేత్తో పట్టుకోండి. కుట్ల మీదకు రాకుండా చూసుకోండి. మీరు ఎత్తి మోయకూడదు, వాడు పడబోతే ఆపితే చాలు. పక్క నుంచి పెరటి తలుపు దాకా దుప్పట్లు, డోర్‌మ్యాట్లు, ఏవి ఉంటే అవి పరిచి, మట్టి మీదకు తీసుకెళ్లండి. వాడికి అలవాటైన చోటికే తీసుకెళ్లండి.

మా గౌరికి 2021లో వెనక కాలు తీశారు. మొదటి మూడు రాత్రులు మాకూ ఇలాగే గడిచాయి.

పశువైద్యురాలు (గన్నవరం) – ఉదయం 6:30

అమ్మా, పైన చెప్పినది అక్షరాలా నిజం. మీ సర్జన్ కాగితం మీద ఏమి రాశారో చూసి ఇక్కడ చెప్పండి. మామూలుగా మెలోక్సికామ్, కార్‌ప్రోఫెన్ అనే నొప్పి మందుల్లో ఒకటి, దానితో పాటు నరాల నొప్పికి గాబాపెంటిన్, ఒక యాంటీబయోటిక్ రాస్తాం. మెలోక్సికామ్, కార్‌ప్రోఫెన్ కడుపు నిండా తిన్నాకే వేయాలి. వాంతులు, నల్ల విరేచనం కనబడితే వెంటనే ఆపి ఫోను చేయాలి. కుంటుతున్నప్పుడు వాడికి స్టెరాయిడ్ మాత్రలు ఏమైనా ఇచ్చి ఉంటే అది సర్జన్‌కు తప్పనిసరిగా చెప్పండి. స్టెరాయిడ్, ఈ నొప్పి మందు కలవకూడదు.

గాబాపెంటిన్ చాలామంది ఒక పూటే వేస్తారు. అది సాధారణంగా ఎనిమిది గంటలకోసారి పడాల్సిన మందు. రాత్రి తొమ్మిదికి వేస్తే తెల్లవారుజామున మూడింటికి దాని పని తగ్గుతుంది. మీరు రాసిన సమయం చూడండి, 3:20. మీ కాగితంలో రోజుకు మూడుసార్లు అని ఉందేమో చూసుకోండి.

మూలుగంతా నొప్పి వల్ల కాదు. ఆపరేషన్‌లో ఇచ్చిన బలమైన మందుల మత్తు దిగేటప్పుడు కూడా కుక్కలు ఎటో చూస్తూ సన్నగా ఏడుస్తాయి. చేయి వేస్తే సర్దుకుని మళ్లీ మొదలుపెడతాయి. నొప్పి అయితే చేయి వేసినా సర్దుకోవు. కళ్లు పెద్దవి చేసుకుని, పడుకోలేక, కూర్చోలేక సతమతమవుతాయి. ఉన్నట్టుండి కెవ్వుమని కాలు ఉన్న చోటుకేసి చూస్తే అది తెగిన నరం నొప్పి. గాబాపెంటిన్ ముఖ్యంగా దానికోసమే. ఒకసారి మొదలుపెట్టాక డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా మానేయకండి. సిరప్ రూపంలో కొనవద్దు, మనుషుల కోసం చేసే కొన్ని సిరప్‌లలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కలకు విషం.

24 గంటలు మూత్రం రాకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మలం మూడు నాలుగు రోజులు రాకపోయినా కంగారు పడకండి.

బ్రూనో వాళ్లమ్మ – ఉదయం 7:45

పోశాడండీ! జామచెట్టు కింద, నిమిషం పైనే నిలబడి పోశాడు. తువ్వాలు పట్టుకున్న నా చేయి వణుకుతోంది, వాడి వీపూ వణుకుతోంది. అయిపోగానే తోక ఒక్కసారి కదిపాడు.

డాక్టరుగారూ, మీరన్నదే నిజం. కాగితంలో మూడుసార్లు అని ఉంది. హడావిడిలో ఉదయం, రాత్రి అని గుర్తుపెట్టుకున్నాను. స్టెరాయిడ్ ఇవ్వలేదు. మూడో పూట మందు అలారం పెట్టుకున్నాను.

పెరటి జామచెట్టు (బెంగళూరు) – ఉదయం 10:10

నేల గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది అదే. మాది అపార్ట్‌మెంటు, అద్దంలాంటి టైల్స్. మా టైగర్‌కు కూడా ముందు కాలే పోయింది. కుక్క నిలబడితే బరువులో 60 శాతం దాకా ముందు కాళ్ల మీదే ఉంటుంది. రెండు కాళ్లు మోసినది ఇప్పుడు ఒకటే మోయాలి. వెనక కాలు పోయిన కుక్కలు తొందరగా తేరుకుంటాయి, ముందు కాలు పోయినవి నాలుగు రోజులు ఎక్కువ తీసుకుంటాయి. గౌరితో పోల్చి నిరాశ పడకండి.

మేము మొదట గోనె పట్టాలు వేశాం. అవి కుక్కతో సహా జారాయి. తర్వాత బొంతలు వేశాం, కాలు మడతల్లో చిక్కుకుంది. చివరికి పనికొచ్చినవి యోగా మ్యాట్లు, పిల్లల గదుల్లో వేసే ముక్కలు ముక్కలుగా అతికే ఫోమ్ పలకలు. పడక నుంచి నీళ్ల గిన్నె, అక్కడి నుంచి తలుపు, తలుపు నుంచి మట్టి దాకా తెగకుండా ఒకటే బాట వేయండి. మధ్యలో మూరెడు గ్రానైట్ కనబడినా అక్కడే ఆగిపోతాడు. టైగర్ ఆ అంచున నిలబడి నా ముఖం చూసేవాడు.

పాదం కింద మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించండి, గోళ్లు తీయించండి. అన్నం గిన్నె, నీళ్ల గిన్నె ఎత్తు పీట మీద పెట్టండి. తల కిందికి వంచితే బరువంతా ఆ ఒక్క కాలి మీదకు వెళ్లి ముందుకు తూలుతాడు. మెట్లు ఎక్కడం కంటే దిగడం వీళ్లకు కష్టం, కొన్నాళ్లు మేడ మెట్లకు గేటు పెట్టండి.

సిద్దిపేట రైతు – మధ్యాహ్నం 1:30

చెల్లెమ్మా, ధైర్యంగా ఉండు. మా పశువులకు గాయమైతే పసుపు, వేపాకు నూరి పట్టిస్తాం, చీము పట్టదు. బ్రూనోకు కూడా పట్టించి చూడు.

పశువైద్యురాలు (గన్నవరం) – మధ్యాహ్నం 2:15

అన్నా, మీ అనుభవాన్ని తక్కువ చేసి మాట్లాడడం లేదు. కానీ తీగ గీసుకున్న గాయం వేరు, కండరాలు కోసి పొరలు పొరలుగా కుట్టినది వేరు. ఆ గీత పొడిగా ఉండాలి, రోజూ కంటికి కనబడాలి. పసుపు ముద్ద కింద కుట్టు ఊడినా, ఎర్రబడినా తెలియదు. పైగా ముద్ద ఎండి బిగిస్తే కుక్క అక్కడే నాకుతుంది.

సిద్దిపేట రైతు – మధ్యాహ్నం 2:40

మంచిది డాక్టరమ్మా, తెలియక చెప్పాను. అయితే ఇంకొకటి చెబుతాను, ఇది తప్పు కాదనుకుంటున్నాను. ఇవి మామిడిపండ్ల రోజులు, ఇంటి నిండా ఈగలు. గాయం మీద ఈగ వాలితే రెండు రోజుల్లో పురుగు పడుతుంది. కుక్క పడుకున్నప్పుడు దోమతెర కట్టు చెల్లెమ్మా, పగలు కూడా.

పశువైద్యురాలు (గన్నవరం) – మధ్యాహ్నం 2:50

ఇది నేను ముందే చెప్పాల్సిన మాట. తప్పకుండా కట్టండి. మన దగ్గర బాగా జరిగిన ఆపరేషన్‌ను కూడా ఈగ పాడుచేయగలదు.

వేపచెట్టు నీడ (విశాఖపట్నం) – రాత్రి 9:20

మా వీధి రాణికి అదే జరిగింది. వెనక కాలి మీదుగా ఆటో వెళ్లింది. కాలు తీయించి మా కారు షెడ్డులో పెట్టాను. నాలుగో రోజు కుట్ల చివర చిన్న రంధ్రం, దగ్గరికి వెళ్తే కుళ్లిన వాసన. టార్చి వేసి చూస్తే లోపల కదులుతున్నాయి. ఆ రాత్రికి రాత్రే మళ్లీ మత్తు ఇచ్చి శుభ్రం చేశారు. రాణి బతికింది, అయిదేళ్లుగా మా వీధి కాపలా దానిదే. రోజుకు రెండుసార్లు వాసన చూడండి అక్కా. కళ్లకు కనబడక ముందే ముక్కుకు తెలుస్తుంది.

ఇంకో మాట. రాణి ఎడమ కాలు పోయింది కదా, ఎడమ చెవి దురద పెడితే ఇప్పటికీ నడుము దగ్గర కండ టకటకా కొట్టుకుంటుంది, లేని కాలితో గోక్కుంటున్నట్టు. అప్పుడు మనం వెళ్లి ఆ చెవి గోకితే కళ్లు మూసుకుంటుంది.

గోదారి గట్టు – జూన్ 5, ఉదయం 8:00

నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది అడుగుతున్నాను. ఎముక క్యాన్సర్ అంటే కాలు తీసినా మళ్లీ వస్తుందంటారు. మిగిలిన ఆ కొద్ది నెలల కోసం ఇంత కోత అవసరమా? వాళ్ల అత్తగారి బాధలో న్యాయం ఉందనిపిస్తోంది.

సింబా నాన్న (చెన్నై) – ఉదయం 11:35

అడగాల్సిన ప్రశ్నే. మా సింబా రాట్‌వీలర్, ఇదే జబ్బు, వెనక కాలు. నాకూ డాక్టరు దాచకుండా చెప్పారు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా కంటికి కనిపించని కణాలు అప్పటికే ఊపిరితిత్తులకు చేరి ఉంటాయని, కాలు తీయడం ఒక్కటే చేస్తే సగటున నాలుగైదు నెలలని, కీమో కూడా ఇస్తే పది నుంచి పన్నెండు నెలలని. అవి సగటు లెక్కలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ, కొన్నిటికి తక్కువ.

మరి ఎందుకు తీయించానంటే, ఆ కాలు వాడిని రోజూ చంపుతోంది కాబట్టి. ఆ గడ్డ ఎముకను లోపలి నుంచి తొలిచేస్తుంది. ఒకనాడు ఊరికే మంచం దిగుతుంటే కూడా ఎముక విరిగిపోవచ్చు. ఆపరేషన్‌కు ముందు నెల రోజులు సింబా పాదం నేలకు ఆనించలేదు, రాత్రిళ్లు నిద్రపోలేదు. కాలు తీసిన ఆరో రాత్రి గురక పెట్టి పడుకున్నాడు. ఆ గురక విని నేనూ మా ఆవిడా లేచి కూర్చున్నాం.

పదకొండు నెలలు బతికాడు. అందులో పది నెలలు మెరీనా ఇసుకలో పరిగెత్తాడు. చివరి నెలలో దగ్గు మొదలైంది, ఊపిరి భారమయ్యాక మేమే నిర్ణయం తీసుకున్నాం. ఆ రోజుకు నేను సిద్ధంగా లేను. కానీ కాలు తీయించినందుకు ఒక్క రోజు కూడా పశ్చాత్తాపపడలేదు.

గోదారి గట్టు – ఉదయం 11:50

తెలిసింది అన్నయ్యా. కాలు తీయడం నొప్పి తీయడమేనని నాకు తట్టలేదు.

బ్రూనో వాళ్లమ్మ – జూన్ 5, రాత్రి 10:30

సింబా నాన్నగారూ, మీరు రాసినది అత్తయ్యకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం చూస్తే దోమతెర లోపల బ్రూనో తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

బ్రూనో వాళ్లమ్మ – జూన్ 8, సాయంత్రం 6:10

డాక్టరుగారూ, కుట్ల కింది చివర నిమ్మకాయంత మెత్తటి వాపు వచ్చింది. రొమ్ము కింద, పొట్ట దాకా చర్మం నేరేడుపండు రంగులోకి మారింది. వాసన లేదు. జ్వరం చూశాను, 101.8. అన్నం తింటున్నాడు.

ఒక తప్పు కూడా చెప్పాలి. మెడకున్న ప్లాస్టిక్ గరాటుతో నీళ్లు తాగలేకపోతున్నాడని పావుగంట తీశాను. పాలు పొంగుతుంటే వంటింట్లోకి వెళ్లి వచ్చేలోపు ఒక కుట్టు లాగేశాడు.

పశువైద్యురాలు (గన్నవరం) – రాత్రి 7:05

రంగు గురించి భయపడకండి. లోపల కారిన రక్తం కిందికి దిగి అలా కనిపిస్తుంది, పది రోజుల్లో పసుపు పచ్చబడి పోతుంది. మెత్తటి వాపు నీరు చేరడం, ఎక్కువసార్లు దానంతట అదే ఇంకుతుంది. ఇంట్లో సూదితో తీయడం, పిండడం చేయకండి, సూక్ష్మక్రిములు లోపలికి వెళ్తాయి. గట్టిపడినా, వేడిగా ఉన్నా, పెరుగుతున్నా, జ్వరం 103 దాటినా వెంటనే చూపించాలి. కుక్కకు 101 నుంచి 102.5 మామూలే.

ఊడిన కుట్టు దగ్గర అంచులు విడిపోయాయా? ఫోటో మీ సర్జన్‌కు ఇప్పుడే పంపండి. ఇకపై గరాటు తీయాల్సి వస్తే మీ చేయి వాడి మెడ మీదే ఉండాలి, పొయ్యి మీద పాలు ఉండకూడదు. మీ వారి పాత బనియను తొడిగి, లేని కాలు వైపు చేతిని ముడి వేస్తే రెండో కాపలా అవుతుంది.

మూడడుగులు – రాత్రి 8:20

గరాటుతో తాగలేకపోతే గిన్నె మార్చండి. గరాటు నోటి కంటే చిన్న గిన్నె పీట మీద పెడితే గరాటు దాని చుట్టూ దిగుతుంది. గౌరి అలాగే తాగేది.

బ్రూనో వాళ్లమ్మ – జూన్ 15, సాయంత్రం 5:00

ఈ రోజు కుట్లు తీశారు. ఊడిన చోట కూడా మానింది, వాపు ఇంకిపోయింది. గురువారం మొదటి కీమో, కార్బోప్లాటిన్ అన్నారు. మూడు వారాలకోసారి. బరువు 36.9. 32కు తీసుకురావాలట. ఇంతకాలం రెండు పూటలా పెరుగన్నం, మధ్యలో మనవడి బిస్కెట్లు. ఇప్పుడు అన్నం ఎంత తగ్గించాలి?

ఇంకొకటి. మా ఆడపడుచు పురిటికి వచ్చి ఉంది, ఏడో నెల. కీమో ఇచ్చిన కుక్క ఇంట్లో ఉంటే ఏమైనా ప్రమాదమా?

పశువైద్యురాలు (గన్నవరం) – రాత్రి 9:15

రెండో ప్రశ్న అడిగి చాలా మంచి పని చేశారు. మందు మూత్రంలో, మలంలో బయటికి వస్తుంది. మొదటి మూడు రోజులు ముఖ్యం. ఆ రోజుల్లో శుభ్రం చేసేవాళ్లు చేతి తొడుగులు వేసుకోవాలి, మూత్రం పోసిన చోట నీళ్లు బాగా కుమ్మరించాలి, వాడి పక్కగుడ్డలు విడిగా ఉతకాలి. గర్భిణి, చిన్నపిల్లలు మూత్రం, మలం, వాంతి దగ్గరికి వెళ్లకూడదు, ముఖం నాకనివ్వకూడదు. మీ ఆడపడుచును ఆ వారం వేరే గదిలో ఉండమనండి. వాడు కూడా తన బాట మీద తాను ఉంటాడు.

ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఆ సమయంలో రక్తపరీక్ష చేయించాలి. నీరసం, జ్వరం, అన్నం మానేయడం కనబడితే తెల్లారేదాకా ఆగవద్దు. ప్లేట్‌లెట్లు కూడా తగ్గవచ్చు కాబట్టి పిడుదులు లేకుండా చూసుకోండి. పిడుదుల జ్వరం వస్తే అదీ ప్లేట్‌లెట్లనే తింటుంది.

బరువు మెల్లగా తగ్గించండి, కీమోలో ఉన్న కుక్కను పస్తు పెట్టకూడదు. అన్నం సగానికి తగ్గించి, ఆ స్థానంలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుమ్మడి, బీన్స్ పెట్టండి. బిస్కెట్లు పూర్తిగా మానిపించండి. పక్కటెముకల మీద వేళ్లు ఆనిస్తే ఒత్తకుండానే తెలియాలి.

పెరటి జామచెట్టు (బెంగళూరు) – రాత్రి 10:00

నడక కూడా మెల్లగానే పెంచండి. అయిదేసి నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు, ఎండ ఎక్కకముందు, దిగాక. వీళ్లు నడవరు, గెంతుతారు. గెంతి గెంతి ఉన్నట్టుండి కూర్చుంటారు. లాగకండి, లేచేదాకా పక్కన నిలబడండి. మిగిలిన ముందు కాలు మెల్లగా మధ్యలోకి జరిగి రొమ్ము కిందకు వస్తుంది. కాలు వంకర పోయిందని నేను భయపడ్డాను, బరువు మోయడానికి అదే దారి.

మీ వాడికి షేక్‌హ్యాండ్ అలవాటుంటే ఇంట్లో అందరికీ చెప్పి మానిపించండి. టైగర్ మా పాప అడిగిందని ఉన్న ఒక్క కాలూ ఎత్తి ముఖం మీద పడ్డాడు.

బ్రూనో వాళ్లమ్మ – జూన్ 15, రాత్రి 10:20

ఉంది. మనవడికి రేపే చెబుతాను.

బ్రూనో వాళ్లమ్మ – జూలై 2, ఉదయం 7:30

మొదటి కీమో అయింది. రెండు రోజులు అన్నం వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు, డాక్టరు వాంతుల మందు ఇచ్చాక సర్దుకున్నాడు. రక్తపరీక్ష పర్వాలేదన్నారు. బరువు 35.4.

ఈ ఉదయం కాఫీ కలుపుతుంటే పాలబ్బాయి సైకిల్ గంట వినిపించింది. ఎనిమిదేళ్లుగా ఆ గంటకు గేటు దాకా పరిగెత్తడం వాడి పని. గుమ్మం పక్క కొక్కేనికి తగిలించిన తువ్వాలు లాక్కుని వాకిట్లోకి పరిగెత్తాను. అప్పటికే బ్రూనో గేటు దగ్గర ఉన్నాడు. ముక్కు కమ్మీల మధ్య పెట్టి, తోక ఊపుతూ. పాలబ్బాయి సైకిల్ స్టాండు వేసి, వంగి వాడి తల నిమురుతున్నాడు.

మ్యాట్లు ఇక తీసేయవచ్చా?

పశువైద్యురాలు (గన్నవరం) – ఉదయం 9:10

వద్దమ్మా, మ్యాట్లు ఎప్పటికీ ఉండనివ్వండి. వాకిలి గరుకు నేల, ఇంట్లో గ్రానైట్ కాదు కదా. ఉన్న ఒక్క ముందు కాలు జారి బెణికితే వాడు లేవలేడు. గేటు దాకా రోజుకు ఒకసారి చాలు ప్రస్తుతానికి. తొమ్మిదో తారీఖు ఇంజెక్షన్‌కు ముందు మళ్లీ రక్తపరీక్ష ఉంటుంది, ముందు రోజే చేయించుకుని వెళ్లండి.